ఆగినట్టు నటించిన బటన్

తెల్లవారి కోడలు వంటింట్లోకి వెళ్లేసరికి మామగారు గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. ఆయన రెండు చేతులూ పొయ్యి ముందుభాగం మీద అటూ ఇటూ తడుముతున్నాయి. మీటలు ఉండాల్సిన చోట రెండు ఇనప పుల్లలు మాత్రం బయటికి పొడుచుకుని ఉన్నాయి.

"ఏం వెతుకుతున్నారు మామయ్యా?"

"ఏం లేదమ్మా. ఉన్నాయేమోనని చూశాను."

ఆయన కొళాయి తిప్పి, మురికి లేని చేతులు కడుక్కుని, గోడ పట్టుకుని ముందు గదిలోకి వెళ్లిపోయారు. ఆ నడక చూసి కోడలికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

మీటలు పై అరలో పంచదార డబ్బా వెనక ఉన్నాయి. వాటిని అక్కడ దాచింది పెద్దాడపడుచు. ముందురోజు సాయంత్రం వచ్చి, వెళ్తూ వెళ్తూ చేసిన పని అది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టర్ల చీటీలు చదివి చదివి సగం డాక్టరు అయిపోయింది. మిగతా సగం డాక్టర్లకి కూడా తెలియదని ఆమె గట్టి నమ్మకం.

"మతిమరుపు మొదలైన మనిషిని పొయ్యి దగ్గరికి రానిస్తారా ఎవరైనా? రేపు గ్యాస్ తిప్పి వెలిగించడం మర్చిపోతే? వంట అయ్యాక మీటలు తీసి పైన పెట్టు. నాలుగు రోజులైతే పొయ్యి దగ్గరికొచ్చే అలవాటు అదే పోతుంది," అని చెప్పి వెళ్లింది.

కోడలు తల ఊపింది. ఊపిన తలని తనే ఇప్పుడు తిట్టుకుంటూ, కుర్చీ ఎక్కి మీటలు దించి, పొయ్యికి తగిలించి, టీ పెట్టింది. టీ అయ్యాక మళ్లీ తీసి పైన పెట్టింది. పులి బోనుకి తాళం వేసినట్టు అనిపించింది. కాకపోతే బోనులో ఉన్నది పులి కాదు, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని ముసలాయన.

ఆయన దర్జీ. వీధిలో అందరికీ టైలరు తాత. కొలతలు రాసుకోకుండా గుర్తు పెట్టుకునేవారట. పెళ్లినాడు కుట్టిన చొక్కా పదేళ్ల తర్వాత మళ్లీ కుట్టమంటే, "పొట్ట దగ్గర ఎంత పెంచమంటారు?" అని అడిగేవారట. చూపు మసకబారాక మిషను అమ్మేశారు, కత్తెర ఉంచుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఆయనకి మిగిలిన ఉద్యోగం ఒక్కటే, పొద్దున్నే అందరికీ టీ. పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు వేరుగా ఉంటుందని, చెవులున్నవాడికి కళ్లు అదనమని అనేవారు. కొడుకు లిఫ్టు మెకానిక్కు, పొద్దున్నే పోవాలి. కోడలు ఆఫీసు బస్సు పట్టుకోవాలి. ఆ టీ కప్పులు ముందు గదిలో బల్ల మీద, ఎవరివి వారి చోట, ఆవిరి కక్కుతూ ఉండేవి.

మిగతా పొద్దంతా ఆయన వినేవారు. కొడుకు కొత్త ఫోను కొనుక్కున్నాక పాతది ఈయనకిచ్చాడు. అందులో పుస్తకాలు చదివి వినిపించే యాప్ పెట్టాడు. భక్తుల కథలు, స్తోత్రాలు, పెద్దల ప్రవచనాలు. ఫోను చొక్కా జేబులో పడి ఉండేది. చెవుల్లో వైర్లు, వైరు మధ్యలో ఒక బటన్. నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. అంతకుమించి ఆయన ఆ ఫోనుని తాకింది లేదు. తెర చూసింది అసలే లేదు, చూసినా తెల్లని మసక తప్ప ఏం కనబడుతుంది?

గొడవంతా ఆ వినడం దగ్గరే మొదలైంది.

"ఒరేయ్, నేను ఆపిన చోటు ఒకటి, మొదలైన చోటు ఒకటి. మధ్యలో కథ ఏమైందిరా?" అని ఒకసారి కొడుకుని అడిగారు.

"నొక్కడం మర్చిపోయుంటారు నాన్నా."

"నొక్కకపోతే మాట ఎలా ఆగింది? ఆగిందిగా. ఆగింది, నేను తలుపు తీశాను, పాలవాడితో మాట్లాడాను, వచ్చి నొక్కాను."

"అయితే మధ్యలో ఎప్పుడో విని మర్చిపోయుంటారు."

కొడుకు హేళనగా అనలేదు. తీగలు సర్దుకుంటూ, బూట్లు వేసుకుంటూ, తొందరలో అన్నాడు. కానీ ఆ మాట ముసలాయన లోపలికి మేకులా దిగింది. మాట ఆగిన సంగతి నిజం. కథ ముందుకెళ్లిన సంగతీ నిజం. ఈ రెండూ నిజమైతే మిగిలేది ఒక్కటే. తాను విన్నాడు, విన్నది తుడిచిపెట్టుకుపోయింది. ఒకసారి కొడుకు చేత వెనక్కి జరిపించుకుని ఆ భాగం మళ్లీ విన్నారు. ఒక్క ముక్క కూడా ఎక్కడా తగల్లేదు, అంతా కొత్తగా ఉంది. ఆ రోజు ఆయన అన్నం సగంలో వదిలేశారు.

ఆ తర్వాత ఎవరినీ వెనక్కి జరపమని అడగలేదు. అలా ఒక పడవవాడి కథ ఆయన దగ్గర విరిగిపోయి ఉండిపోయింది. వరద నదిని దాటించమని ఒక ముసలమ్మ అడుగుతుంది. ఎవరూ ఒప్పుకోరు, పడవవాడొక్కడు తెడ్డు చేతబట్టి పడవలో కాలు పెడతాడు. సరిగ్గా అక్కడ ఎవరో తలుపు కొట్టారు. తిరిగొచ్చి నొక్కేసరికి పడవవాడు అవతలి ఒడ్డున పడి నవ్వుతున్నాడు. చేతిలో తెడ్డు లేదు, ముసలమ్మా లేదు.

"తెడ్డు ఏమైందో నీకు తెలుసా అమ్మా?" అని ఒకనాడు కోడల్ని అడిగారు.

"ఏ తెడ్డు మామయ్యా?" అంది ఆమె, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"ఏం లేదులే."

నది మొత్తం ఆయనలోంచి కొట్టుకుపోయింది. పొద్దున పూజ దగ్గర కూర్చుని, "కళ్లు తీసుకున్నావు, సరే, వయసు. మతి కూడా ఎందుకు స్వామీ? దాంతో నీకేం పని?" అని గొణగడం కోడలు విన్నది. ఇలాంటివన్నీ పోగేసి కొడుకూ కోడలూ చెప్పగా చెప్పగా పెద్దాడపడుచు డాక్టరు దగ్గర సమయం తీసుకుంది. పొయ్యి మీటలు ఊడదీసింది.

ఆ మీటలు ఊడిన మర్నాడు సాయంత్రమే అసలు సంగతి బయటపడింది.

కోడలు బట్టలు నానబెడుతోంది. "మామయ్యా, ఆ చొక్కా ఇవ్వండి, మాసిపోయింది," అంది. ఆయన బటన్ నొక్కి, చెవుల్లో వైర్లు తీసి, చొక్కా విప్పి ఇచ్చి స్నానానికి వెళ్లారు. ఫోను జేబులోనే ఉండిపోయింది. చొక్కా బకెట్లో ముంచబోతూ బరువు తగిలి ఆమె ఫోను బయటికి తీసింది. తెర వెలిగింది.

తెర మీద కథ ఎంతవరకు నడిచిందో చూపే గీత ఉంది. ఆ గీత కదులుతోంది.

ఆమె వైరు చెవిలో పెట్టుకుంది. నిశ్శబ్దం. గీత కదులుతోంది, పక్కన అంకెలు మారుతున్నాయి. ఆగిందని చెప్పే గుర్తు తెర మీద దర్జాగా కూర్చుని ఉంది. దాని కిందే కథ చప్పుడు చేయకుండా పరిగెడుతోంది, గోడ దూకిన దొంగలా.

"మామయ్యా, ఆపారా?" అని కేకేసింది.

"ఆపానమ్మా. వినబడట్లేదుగా," అన్నారాయన స్నానాల గదిలోంచి.

చొక్కా చేతిలోంచి జారి బకెట్లో పడింది.

తన కొత్త ఫోనులో అదే యాప్ తెరిచి, అదే కథ పెట్టి ఆపి చూసింది. గీత టక్కున నిలిచిపోయింది. పాత ఫోనులో మళ్లీ నొక్కింది, ఆపింది, నొక్కింది. ఆపినంతసేపూ కథ లోపల నడుస్తూనే ఉంది. మూత వేసిన గిన్నెలో పాలు కాగుతున్నట్టు.

ఇది ఇంకెవరికైనా అయితే ఏదో యాప్ చెడిపోయిందిలే అనుకుని వదిలేసేవారు. ఆమెకి అలా వదిలేసే వీలు లేదు. ఆ యాప్‌కి గొంతు ఇచ్చింది ఆమె పనిచేసే కంపెనీయే. పాటలూ మాటలూ వినిపించే యాప్‌లు ఆడించడం, ఆపడం, ముందుకు జరపడం, శబ్దం పెంచడం లాంటి పనులు ఎవరికి వారు రాసుకోరు. ఒకరు రాసి పెట్టిన కోడు మూట తెచ్చుకుని వాడుకుంటారు. దాన్ని లైబ్రరీ అంటారు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది మామగారికి ఎలా చెప్పాలో తెలియక తంటాలు పడుతుంటే, ఆయనే అందుకున్నారు. "కాజాలు కుట్టేవాడన్నమాట. వీధిలో పది మంది టైలర్లుంటారు, చొక్కాలు ఎవరివి వాళ్లు కుడతారు. కాజాలకి మాత్రం అందరూ ఒకడి దగ్గరికే పంపుతారు. వాడు తేడా చేస్తే వీధి వీధంతా గుండీలు పట్టవు."

ఆమె రాసేది వేగం పెంచే తగ్గించే భాగం. ఆపే భాగం వేరే వాళ్లది. అయినా ఒక మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. కొన్నాళ్ల క్రితం మీటింగులో ఎవరో చదివారు, 'కథ మధ్యలో దూకుతోంది' అని కొందరు శ్రోతలు రాస్తున్నారని. "పెద్దవాళ్లు కదండీ, వింటూ వింటూ గుర్రు పెడతారు. లేచి మన మీద పడతారు," అన్నాడు టీం లీడరు. గది గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

మామగారు స్నానం చేసి వచ్చారు. చెబుదామని నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? మా కంపెనీ తప్పు మామయ్యా అని ఊరికే అనేస్తే, ఓదార్చడానికి కట్టిన కథ అనుకుంటారు. ముందు ఆఫీసులో ఆ కోడు కళ్లారా చూస్తాను, చూసి చెబుతాను అనుకుంది. ఆ రాత్రి ఆమె పళ్లు కొరుకుతూ పడుకుందని మర్నాడు భర్త అన్నాడు.

మర్నాడు ఆఫీసులో బ్యాగు కూడా దించకుండా ఆపే భాగం తెరిచింది. వెతకాల్సిన పనే లేకపోయింది. పేరు పాజ్. లోపల మొదటి వాక్యం, ఫోను పాతదైతే శబ్దం సున్నా చెయ్యి. అంతే. ఆపడం లేదు, గీపడం లేదు. నోరు మూసి నడిపించడమే. పక్కన ఒక వ్యాఖ్య, 'తాత్కాలికం'.

టీం లీడరుని ఆఫీసులో చాటుగా తొందరయ్య అంటారు. కుర్రాడు తెలివైనవాడే, చెడ్డవాడు కాదు. కానీ వాడికి నిద్ర కూడా పక్కవాడు పోయి వస్తే బాగుండుననిపిస్తుంది. తలకి హెడ్‌ఫోను తగిలించుకుని, అరచేతిలో బన్ను ముక్క పెట్టుకుని టైపు చేస్తున్నాడు.

"ఇది నువ్వు రాశావా?"

"ఏది అక్కా? ఓ, అదా. నేనే. ఎందుకు?"

"పేరు పాజ్ అని పెట్టి లోపల శబ్దం సున్నా చేశావు."

"పాత ఫోన్లతో చచ్చాను అక్కా. నిజంగా ఆపితే ఫోను ఆడియో దారి లాగేసుకుంటుంది, మళ్లీ అడిగితే ఇవ్వదు. రేడియో యాప్ వాళ్లు నా ప్రాణం తీశారు. రేడియోకి ఏముంది, మనం ఆపినా అవతల వాడు వాగుతూనే ఉంటాడు. అందుకని నోరు మూశా."

"రేడియోకి సరే. పుస్తకాలకి?"

"పుస్తకాల వాళ్లు తర్వాత వచ్చారు కదా."

"వస్తే?"

"వస్తే..." తొందరయ్య బన్ను ముక్క కింద పెట్టాడు. "టెస్టులన్నీ పాస్ అయ్యాయి అక్కా."

"నీ టెస్టు ఏం చూస్తుంది? శబ్దం వస్తోందా లేదా అని చూస్తుంది. కళ్లు మూసుకున్నవాడల్లా నిద్రపోయాడని రాసుకున్నావు. ఆగిందో లేదో ఒక్కసారైనా చూశావా?"

"మన దగ్గర అన్నీ కొత్త ఫోన్లే. పాత ఫోను ఎవరు వాడతారు అక్కా ఈ రోజుల్లో?"

"ముసలివాళ్లు!" అంది ఆమె. ఆ అరుపుకి నాలుగు బల్లల అవతల కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. "కొడుకులూ కూతుళ్లూ కొత్తవి కొనుక్కుని పాతవి ఇస్తే వాడే ముసలివాళ్లు! పుస్తకం వినేది వాళ్లే! వాళ్లు చెబుతుంటే గుర్రు పెడుతున్నారని నవ్వాం. మా మామగారు మతి పోయిందనుకుని అన్నం మానేశారు. మా ఇంట్లో పొయ్యి మీటలు ఊడదీశారు. నీ తాత్కాలికానికి!"

తొందరయ్య తలకున్న హెడ్‌ఫోను తీసేశాడు. "నాకు తెలీదు అక్కా."

"నాకూ తెలీదు. అదే నా ఏడుపు."

మేనేజరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. ఎవరి మీదా గొంతు ఎత్తని మనిషి, అందుకే అందరికీ భయం. ఆమెను లోపల కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, అంతా విని, వేళ్లు జోడించుకున్నాడు.

"మీ బాధ అర్థమైంది. కోడు వచ్చే వెర్షన్‌లో చూద్దాం. ఇప్పుడు కదిపితే పుస్తకాల యాప్ వాళ్లు అడుగుతారు, ఇన్నాళ్లూ ఏం చేశారని. పైగా ఈ మధ్యే వాళ్ల విన్న నిమిషాలు బాగా పెరిగాయి, మనల్ని మెచ్చుకున్నారు కూడా."

"ఎందుకు పెరిగాయో ఇప్పుడు మీకు తెలుసు కదా సార్?"

ఆయన కిటికీలోంచి కింద ఆగి ఉన్న బస్సుల వైపు చూశాడు.

"ఎవరూ వినని నిమిషాలు సార్ అవి. గదిలో మనిషి లేడు, కథ దాని పాటికి అది నడిచింది. దాన్ని విన్నట్టు లెక్క కట్టాం. విననివాటిని విన్నారని మనం అన్నాం, విన్నవాటిని మర్చిపోయారని ఇంట్లో వాళ్లన్నారు. మధ్యలో ముసలివాళ్లు నలిగారు."

"కొంచెం ఆవేశం తగ్గించుకుని..."

"తగ్గదు సార్."

ఆమె బయటికొచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. కథ దూకుతోందని రాసిన శ్రోతల ఉత్తరాలు తెరిచింది. ఒక్కొక్కదానికి ఎవరినీ అడక్కుండా జవాబు రాసింది. 'మీ జ్ఞాపకశక్తి మీద అనుమానం పెట్టుకోకండి. మీరు ఆపారు, మా కోడు ఆగలేదు. మధ్యలో పోయిన భాగం మీరు వినలేదు, మర్చిపోలేదు. తప్పు మాది, సరిచేస్తున్నాం.' కింద తన పేరు పెట్టింది. అన్నీ పంపేసింది. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు కూడా ఆమెకి ఎప్పుడూ అంత భక్తి కలగలేదు.

మేనేజరుకి తెలిసేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు ఆఫీసులో మొదటిసారి ఆయన గొంతు గాజు గోడ దాటి వినబడింది. ఎవరి అనుమతితో పంపావు, రేపు పొద్దునకల్లా సంజాయిషీ రాసివ్వు, ఆ తర్వాత ఏం చెయ్యాలో మేం చూసుకుంటాం అన్నాడు. సరే సార్ అంది. అయితే సరిచేస్తామని రాసి పంపేశాక సరిచేయక తప్పదు కదా. అందుకోసం తొందరయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఏం రాయాలో చెప్పింది.

పాత ఫోనులో నిజంగా ఆపలేమంటే ఆపొద్దు. కానీ ఆపమన్న క్షణాన కథ ఎక్కడుందో గుర్తు పెట్టుకో. మళ్లీ మొదలెట్టమన్నప్పుడు ఆ గుర్తు దగ్గరికి వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి వినిపించు. దర్జీ సుద్దముక్కతో గీత గీసి భోజనానికి లేచినట్టు. తిరిగొచ్చి గుడ్డ ఎక్కడ కత్తిరించాలో తడుముకోడు, గీత ఉంటుంది.

రాసి చూస్తే చటుక్కున అయిపోయింది. నాలుగు వాక్యాలు పట్టలేదు. అది చూసి ఆమె కోపం చల్లారాల్సింది పోయి రెట్టింపైంది. కొండంత తప్పైతే కొండంత క్షమాపణ చెప్పుకోవచ్చు. గోరంత పని చేయకపోయినందుకు ఒక మనిషి తన బుర్రని తానే నమ్మడం మానేశాడు.

"నేను వచ్చి మీ మామగారికి చెప్పనా అక్కా?" అన్నాడు తొందరయ్య నెమ్మదిగా.

"వద్దు. నువ్వు ఒక పాత ఫోను కొనుక్కో."

ఇంటికొచ్చేసరికి పెద్దాడపడుచు అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే సాయంత్రం అదే. మామగారు తానే కుట్టుకున్న తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పరీక్షకి వెళ్లే పిల్లాడిలా కుర్చీ అంచున కూర్చున్నారు. భర్త పనిలోంచి తొందరగా వచ్చేశాడు, చేతులకింకా గ్రీజు వాసన.

"ఆలస్యమైపోతోంది. నాన్నా, చెప్పులు వేసుకో," అంది ఆడపడుచు.

"ఒక్క నిమిషం వదినా," అని కోడలు మామగారి ముందు నేల మీద కూర్చుంది. దాచకుండా, నాన్చకుండా చెప్పింది. ఆపితే ఆగలేదని. నోరు మూసుకుని నడిచిందని. కొత్త ఫోన్లలో ఆగుతుందని, ఈ ఫోనులో ఆగదని. చేసింది తమ కంపెనీయేనని.



"అయితే నది?" అన్నారు మామగారు.

"నది మీకు వినబడలేదు మామయ్యా. మీరు మర్చిపోలేదు."

ఆయన చేయి మెల్లగా జేబు మీదికి వెళ్లింది. ఫోను తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఏడుస్తారేమో, లేదా నవ్వేస్తారేమో, 'పోనీలే అమ్మా' అంటారేమో అనుకుంది కోడలు. ఆయన లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు ఒకటి ఆయనలోంచి వచ్చింది.

"కాజాలు కుట్టేవాడు తప్పు కుట్టాడు. సరే, కుడతాడు, మనిషే. గుండీ పట్టట్లేదురా అని నేను మీతో చెప్పాను. మీరేమన్నారు? చొక్కా చూశారా ఎవరైనా? నా పొట్ట పెరిగిందన్నారు! అందరూ కలిసి పొట్ట పెరిగిందన్నారు!"

"మా మంచి నాన్నా, మంచికే కదా..." అంటూ ఆడపడుచు లేచింది.

"మంచికే. మీటలు మంచికే ఊడదీశావు. ఈ ఫోను ఇన్నాళ్లు నా జేబులో ఉంది. ఒక్కరు, కళ్లున్నవాళ్లు ఒక్కరు, తీసి చూశారా? 'ఏదీ, ఒక చెవి నాకివ్వండి' అని పక్కన కూర్చుని విన్నారా? అమ్మా, నువ్వు చేసే పనే ఇది. తెడ్డు ఏమైందని అడిగితే తల కూడా ఎత్తలేదు నువ్వు."

కోడలు తల దించుకుంది. ఆఫీసులో తాను అరిచిన అరుపులన్నీ ఇప్పుడు తిరిగి తన దగ్గరికే వచ్చినట్టున్నాయి. అవి వాటి ఇల్లు వెతుక్కుని వచ్చాయి, అంతే.

"ఎవర్ని తిట్టానో తెలుసా నేను? భగవంతుణ్ణి!" ఆయన గొంతు జీరపోయింది, కోపం మాత్రం పోలేదు. "రోజూ తిట్టాను. పువ్వు పెట్టడం, తిట్టడం. నా మతి నీకెందుకయ్యా అని. ఆయన పలకలేదు. పలక్కపోతే ఆగిపోయాడు కాబోలు, నన్ను వదిలేశాడు కాబోలు అనుకున్నాను. పాపం, చెయ్యని నేరానికి నోరు మూసుకుని నా చేత తిట్లు తిన్నాడు."

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఆయన ఏమనుకోడులే."

"ఆయన అనుకోడు. నేను అనుకుంటాను. నోరు వినబడకపోతే కథ ఆగిపోయినట్టు కాదని ఒక ఫోను చెప్పాలా నాకు? ఇన్నేళ్లు పూజ చేసి ఆమాత్రం తెలుసుకోలేదు." కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి, "డాక్టరు దగ్గరికి నేను రాను. మీటలు తీసుకురండి," అన్నారు.

"ఇప్పుడెందుకు నాన్నా, రేపు..." అంది కూతురు.

"తీసుకురా!"

మందుల షాపు ఉద్యోగిని వంటింట్లోకి వెళ్లి, కుర్చీ ఎక్కి, పంచదార డబ్బా వెనక చేయి పెట్టింది. తెచ్చిన మీటల్ని తండ్రి అరచేతిలో పెట్టింది. ఆయన వాటిని బొటనవేలితో ఒకసారి రుద్ది, తానే వెళ్లి పొయ్యికి తగిలించి వచ్చారు. ఆ రాత్రి ఆయన పడుకున్నాక కోడలు ఆ పాత ఫోనులో సరిచేసిన కోడు పెట్టి, పడవవాడి కథ అతను కాలు పెట్టిన చోటికి జరిపి, ఆయన తలదిండు పక్కన ఉంచింది.

పొద్దున ఆమె లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. వెళ్లింది. మామగారు పొయ్యి ముందున్నారు. ఒక చెవిలో వైరు ఉంది, రెండోది జేబు మీద వేలాడుతోంది. ఆమె అడుగు విని, ఆ రెండోదాన్ని చేత్తో పట్టుకుని పక్కకి చాపారు. ముఖం ఇటు తిప్పలేదు, కోపం ఇంకా ఉంది. ఆమె తీసుకుని చెవిలో పెట్టుకుంది. వైరు పొట్టిది, ఇద్దరూ భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడాల్సి వచ్చింది.

నది మధ్యలో ఉన్నారు. సుడి పడవని గిరగిర తిప్పుతోంది. ఎవరో పిల్ల నీళ్లలో కొట్టుకొస్తోంది. పడవవాడి దగ్గర అందించడానికి తాడు లేదు, కర్ర లేదు, చేతిలో తెడ్డు తప్ప. ముసలమ్మ అంటోంది, అది వదిలేస్తే మనం ఎలా దాటుతాం నాయనా? పడవవాడు చేయి చాపాడు...

సర్రుమని శబ్దం. పాలు పొంగి పొయ్యి నిండా పారాయి. మంట ఆరింది. మామగారి వేలు వైరు మీద బటన్‌ని నొక్కింది, అదే క్షణాన రెండో చెయ్యి మీటని తిప్పింది. కథ ఆగింది, గ్యాస్ ఆగింది. మాడిన వాసనకి కొడుకు లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. రాత్రి ఇక్కడే ఉండిపోయిన కూతురు జుట్టు విరబోసుకుని వెనకే వచ్చింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు ఆయనకి కనబడలేదు కానీ, ఆ మౌనం వినబడింది.

"పాలు పొంగాయి," అన్నారాయన. "పాలు పొంగితే పాలు పొంగాయని అర్థం. ఎవరైనా ఒక్క మాట అన్నారంటే చూడండి."

ఎవరూ అనలేదు. కోడలు గుడ్డ అందుకోబోతే ఆయన లాక్కున్నారు. తానే తుడిచారు. పొయ్యి అంచులు, మీటల చుట్టూ, గట్టు కింద, తీరిగ్గా, ఒక్క మరక వదలకుండా. ఆ తుడిచినంతసేపూ జేబులో ఫోను మౌనంగా ఉంది. ఆయన ముఖం మాత్రం బిగుసుకుపోయి ఉంది, పందెం కాసినవాడిలా.

గుడ్డ పిండి ఆరేసి, తడి వేలు చొక్కాకి తుడుచుకుని, బటన్ నొక్కారు.

పడవవాడి చేయి చాపి ఉన్న చోటే ఉంది. పిల్ల తెడ్డు కొస పట్టుకుంది.

"ఊఁ," అన్నారు మామగారు, గిన్నెలో కొత్త పాలు పోస్తూ.